నగరమునకు నూతి పళ్లెము

మన పూర్వులు సప్తసంతానములని యేడింటిని పేర్కొనిరి. కన్నకొడుకుతోపాటు చెరువు, వనము, దేవాలయము, అగ్రహారము, నిధి, కావ్యము కూడ మనుష్యుని పేరు నిలుపు సంతానములేయని వారి తలంపు. చెరువు త్రవ్వించిన ప్రభువు పేరు శిలాశాసనములలో నిలిచినది. నుయ్యి త్రవ్వించిన గృహస్థు పేరు ఊరివారి నోట నిలిచినది. అయితే త్రవ్విన నూతిని చెడిపోకుండ కాపాడినవాని పేరెక్కడ నిలిచినది? జీర్ణోద్ధరణము నూతన నిర్మాణముకంటె మిన్నయని పెద్దలు చెప్పుచునే వచ్చిరి. కాని లోకము త్రవ్వించినవానికి పూలదండ వేసినంత సులభముగా కాపాడినవానికి వేయదు. త్రవ్వుట కంటికి కనబడు పని. కాపాడుట కనబడని పని. కాపుదల చక్కగా జరిగినచో చూపుటకేమియు నుండదు. నీళ్లు నిన్న ఎట్లున్నవో నేడును అట్లే యుండును. అంతే.

ఆ కనబడని పనికి మన పల్లెలలో ఒక కనబడు గుర్తు కలదు. అది నూతి పళ్లెము. మంచినీటి నూతి చుట్టును రాతితోనో గచ్చుతోనో వాలుగా కట్టిన ఆ వలయముమీద పడిన నీరు తిరిగి నూతిలోనికి దిగదు. కాలువ వెంట దూరముగా పారిపోవును. పళ్లెముమీద పశువులను కడుగరాదు, మురికిబట్టలు ఉదుకరాదు, అంట్లు తోమరాదు. ఈ కట్టుబాట్లను ఎవరును కాగితముమీద వ్రాయలేదు. బిందెతో వచ్చిన ప్రతి యిల్లాలికిని అవి తెలియును. తెలియని పిల్లవానిని మందలించుటకు అచ్చట ఎవరో ఒక అవ్వ ఉండనే యుండును. నూతులవద్ద నీటిని కాక మనుష్యులను దూరముంచుటకు ఏర్పడిన కట్టుబాట్లును ఉండెడివి. అవి అన్యాయములు, పోవలసినవే. నీటిని కాచునవి మాత్రము నిలువవలసినవి. నూతికి పళ్లెమెంత యుండవలెను, దానిపై ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు—జలరక్షణశాస్త్రమంతయు ఈ మూడు ప్రశ్నలలో ఇమిడియున్నది.

ఒక ఊరి నూతికి నాలుగు బారల పళ్లెము చాలును. నాలుగు లక్షలమంది త్రాగు నీటికి బావులే ఆధారమైన ఒక నగరమున్నచో దాని పళ్లెమెంత? ఆ పళ్లెముమీద ఇండ్లు, బాటలు, పెట్రోలు నిలువలు, కర్మాగారములు వెలసియున్నచో వారిని మందలించు అవ్వ ఎవరు? ఆ కాపుదలకగు వ్యయమును ఎవరు భరింపవలెను? ప్రభుత్వము గ్రాంటు ఇచ్చినంతమాత్రమున బావి భద్రమగునా? ఈ ప్రశ్నలకు ఒక నగరము తన అనుభవముచే చెప్పిన సమాధానము తెలిసికొనదగియున్నది.

ఇసుకలో దాగిన సముద్రము

ఆ నగరము అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రమునందలి డేటన్. విమానమును కనిపెట్టిన రైట్ సోదరులు సైకిళ్ల దుకాణము నడపిన ఊరు అదియే. గ్రేట్ మయామీ అను నది యూరి నడుమ పారును. మ్యాడ్ నది, స్టిల్‌వాటర్ నది అచ్చటనే దానిలో కలియును. ఇన్ని నదులున్నను నగరము త్రాగునది నేరుగా నదినీరు కాదు, నేలక్రింది నీరు.

పూర్వము హిమయుగమున ఉత్తరమునుండి దిగివచ్చిన మంచుగడ్డలు ఆ ప్రాంతపు పాత నదీలోయలను ఇసుకతోను గులకరాళ్లతోను పూడ్చివేసినవి. పూడిన లోయ పైకి కనబడదు. కాని దాని గర్భమున నీరు నిండియున్నది. ఆ నీటి పరిమాణము సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల గాలన్లని అంచనా. వేసవిలో మన యేటి యిసుకలో చెలమ త్రవ్వినవారికి ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు. పైన ఇసుక ఎండి మండుచుండును. మోచేతిలోతు త్రవ్వగనే తేటనీరు ఊరును. ఎంత తోడినను మరల నిండును. డేటన్ నగరపు బావులు అట్టి మహాచెలమలు. నదినీటిని కొంత చెరువులవంటి మడుగులలోనికి మళ్లించి ఇసుకలోనికి ఇంకజేసి, తోడిన నీటికి బదులు నీరు చేర్చు ఏర్పాటు కూడ వారు చేసికొనిరి. నగరమునందును చుట్టుపట్లను నాలుగు లక్షలమందికి పైగా ఈ నీరే త్రాగుచున్నారు.

చెలమకు ఒక గుణమున్నది, ఆ గుణమే దాని దోషము. ఇసుక నీటిని ఉదారముగా ఇచ్చును. అంత ఉదారముగానే తనపై పడినదానిని లోనికి పుచ్చుకొనును. బంకమన్ను పొర గట్టిగా కప్పియున్న చోట పైన ఒలికిన మాలిన్యము క్రిందికి దిగుటకు ఏండ్లు పట్టవచ్చును. ఇసుక నేలలో అట్టి మూత లేదు. అది మూతలేని కుండ. ఏటిలో చెలమప్రక్కన ఎవడైన గిత్తను కడిగినచో ఏమగునో పిల్లలకును తెలియును. నగరము పెద్దదైనను న్యాయము అదియే.

ఈ నగరమునకు నీటితో పాత వైరమొకటి కలదు. 1913 మార్చిలో గ్రేట్ మయామీ నది పొంగి నగరమును ముంచివేసినది. ఆ నదీలోయలో మూడువందల అరువదిమందికి పైగా మరణించిరి. జనులు అటకలమీదికెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. వరద తీసిన పిమ్మట నగరవాసులు కేంద్రప్రభుత్వపు సహాయమునకై చేతులు కట్టుకొని కూర్చుండలేదు. తమలో తాము చందాలు వేసికొని ఇరువదిలక్షల డాలర్లకు పైగా ప్రోగుచేసి, ఆర్థర్ మోర్గన్ అను ఇంజనీరుచే వరదలనాపు ప్రణాళిక వేయించిరి. 1922 నాటికి ఐదు ఆనకట్టలు పూర్తియైనవి. మన ఉపాధ్యాయులకు ఈ మోర్గన్ పేరు పరాయిది కాదు. 1948లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘములో సభ్యుడై మన దేశమునకు వచ్చిన మోర్గన్ ఇతడే.

నీటినుండి తన్ను కాపాడుకొనుట నేర్చిన ఆ నగరము, డెబ్బది యేండ్లకు తననుండి నీటిని కాపాడుకొనుట నేర్వవలసివచ్చినది.

ఆర్పరాని మంట

1987 మే 27వ తేది రాత్రి డేటన్ నగరమున షెర్విన్ విలియమ్స్ సంస్థవారి రంగుల గిడ్డంగిలో నిప్పు పుట్టినది. సరకులెత్తు బండి వలన మండు ద్రవము ఒలికి అంటుకొన్నది. గిడ్డంగిలో ఆనాడున్న రంగులు, తైలములు పదునైదులక్షల గాలన్లకు పైబడినవి. కప్పునకమర్చిన నీటిజల్లులు ఆ మంటకు చాలలేదు. పనివారందరును బయటపడిరి. అగ్నిమాపకదళము వచ్చి నిలిచినది. గొట్టములు సిద్ధముగానున్నవి, నీరును కావలసినంత యున్నది.

ఆ గిడ్డంగి నగరపు మంచినీటి బావులకు సమీపమున, ఆ యిసుకలోయమీదనే కట్టబడియుండెను. మంటపై కురిపించిన నీరు ఆవిరి కాగా మిగిలినదంతయు రంగులను, తైలములను, లోహములను కడుగుకొని నేలకు దిగును. నేల ఇసుక. ఇసుకక్రింద నగరము త్రాగు నీరు. మంట ఆర్పినచో గిడ్డంగిలో కొంత దక్కవచ్చును; బావులు పోవచ్చును. ఆర్పకున్నచో గిడ్డంగి భస్మమగును, పొగ ఆకాశమున కెక్కును, బావులు దక్కవచ్చును.

అప్పటికి ఏడు నెలలక్రిందట ఐరోపాఖండమున జరిగిన దుర్ఘటన ఒకటి అందరి మనస్సులలో నుండెను. 1986 నవంబరు 1వ తేదిని స్విట్జర్లండు దేశమున బాసెల్ నగరము చెంత సాండోజ్ సంస్థవారి రసాయనముల గిడ్డంగి తగులబడెను. అగ్నిమాపకులు తమ ధర్మము తాము నిర్వర్తించి నీరు కురిపించిరి. ఆ నీరు పురుగుమందులను మోసికొని రైన్ నదిలో కలిసినది. నది ఎఱ్ఱబారినది. పామువలె పొడవైన మలుగుచేపలు లక్షకు మించి చచ్చి తేలినవి. దిగువనున్న దేశములలో ఊళ్లకు ఊళ్లు నదినీరు తోడుట మానుకొనవలసివచ్చినది. మంట ఒక్క రాత్రిలో ఆరినది. నది కోలుకొనుటకు ఏండ్లు పట్టినది.

డేటన్ అధికారులు, నగర జలశాఖవారు, పర్యావరణశాఖవారు కలిసి ఆలోచించిరి. చివరకు మంటను ఆర్పరాదని నిశ్చయించిరి. చుట్టుప్రక్కలకు వ్యాపింపకుండ కాచుచు, గిడ్డంగిని మాత్రము దానంతట దానిని కాలిపోనిచ్చిరి. దినములు గడచినవి, అది రగులుచునే యున్నది. మంట నార్పుటయే వృత్తిగా గలవారు గొట్టములు చేతబట్టి మంటను చూచుచు నిలుచుట ఎంత కఠినమో ఊహింపవచ్చును. పొగను పీల్చవలసిన కష్టము జనులకు తప్పలేదు. ఆ నష్టమును తూచియే వారు ఈ నిర్ణయమునకు వచ్చిరి. గాలిలోని పొగ కొలది దినములకు చెదరును. ఇసుకలోని విషము చెదరదు.

బావులు దక్కినవి. అయినను ఆ స్థలమందలి మట్టిని, నీటిని పరీక్షించి శుభ్రపరచు పని ఆ పిమ్మటను సాగవలసివచ్చినది. ఈ సంఘటన వలన నగరమునకు విశదమైన సత్యము ఒకటి కలదు. మంట పుట్టిన రాత్రి అధికారులు తెలివిగా ప్రవర్తించిరి, నిజమే. కాని తెలివి చూపవలసిన సమయము ఆ రాత్రి కాదు. పదునైదులక్షల గాలన్ల రంగులను నూతి పళ్లెముమీద నిలువయుంచుటకు అనుమతించిన దినము అది.

శాసనమును, సుంకమును

1988లో డేటన్ నగరపాలకులు బావుల రక్షణకై ఒక శాసనము చేసిరి. ఆ యేడే కేంద్రప్రభుత్వము ఆ భూగర్భజలమును ఆ ప్రాంతమునకు ఏకైక ఆధారమగు జలనిధిగా గుర్తించినది. శాసనముయొక్క రీతి విద్యార్థులు గ్రహింపదగినది.

మొదటి పని పళ్లెమెంతయో తేల్చుట. పంపు నడచుచున్న బావి చుట్టునున్న నీరు గరాటువలె దానివైపు వంగి జారుచుండును. ఆ గరాటు ఎంతదూరము వ్యాపించునో నేల స్వభావమునుబట్టియు, తోడు నీటినిబట్టియు శాస్త్రజ్ఞులు లెక్కింపగలరు. అయితే వారు దూరమును గజములతో కాక కాలముతో కొలుతురు. ఇచ్చట ఒలికినది ఎన్నాళ్లకు బావి చేరును? ఒక యేడు లోపల చేరునట్టి మేర యంతయు లోపలి వలయము; ఐదేండ్లలోపల చేరునది వెలుపలి వలయము. ఒహాయో రాష్ట్రమున బావులచుట్టు గీయు గీతలు ఈ విధమున ఏర్పడినవి. పటముమీద చూచినచో అవి గుండ్రముగా నుండవు. భూగర్భజలము వచ్చు దిక్కునకు సాగి కోలగా నుండును. వీధులను, సరిహద్దులను, ఆస్తిహక్కులను ఆ గీతలు లెక్కసేయవు. నీరు వచ్చు త్రోవయే వాటి త్రోవ.

రెండవ పని పళ్లెముమీద ఏమున్నదో తెలిసికొనుట. ఆ మేరలోపల వ్యాపారము చేయువాడు ప్రతివాడును తనవద్ద నిలువయున్న హానికర పదార్థములేవో, ఎంతయో నగరమునకు తెలుపవలెను. ఉన్నదానిని ఇష్టానుసారముగా పెంచరాదు. క్రొత్తగా వచ్చువాడు ఎక్కువ అపాయకరమగు వ్యాపారమును అచ్చట పెట్టరాదు.

మూడవది చిక్కైనది. ఇదివరకే అచ్చట వెలసియున్నవారి మాట ఏమి? వారు వచ్చిననాడు అట్టి శాసనము లేదు. చట్టరీత్యా వారు తప్పు చేసినవారు కారు. వారి కర్మాగారములలో ఊరివారే పనిచేయుచున్నారు. మూసివేయుమన్నచో వందల కుటుంబములకు తిండి పోవును. ఊరకున్నచో లక్షలమందికి నీరు పోవును. డేటన్ నగరము ఇందుకు ఒక మధ్యమార్గము కనిపెట్టినది. నీటి పన్నుపై స్వల్పముగా అదనపు రుసుము విధించి దానితో రక్షణనిధి నేర్పరచినది. తన వద్దనున్న హానికర పదార్థముల నిలువను శాశ్వతముగా తగ్గించుకొను యజమానికి ఆ నిధినుండి పైకము చెల్లించినది. అనగా ఇచ్చట నగరమే దాత, కర్మాగారమే గ్రహీత.

కీడు చేయకుండుటకు కూలి ఇచ్చుటయా అని అడుగువారున్నారు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. ఇతరులకు అపాయము కలిగింపకుండుట ప్రతివాని ధర్మమే గదా! దానికి వెల కట్టుట యెందులకు? మరియొక వైపునుండి చూచినచో వేరొక న్యాయము కనబడును. మంచినీటివలన మేలు పొందువారు లక్షలమంది. ఆ మేలుకై పాతకాలపు కొలదిమంది వర్తకులే నష్టపోవుట సరియా? మేలు పొందువారందరును తలకొక కాసు వేసికొని ఆ నష్టమును పంచుకొనుట ఉచితమని నగరము భావించినది. 1913 వరదనాడు చందా వేసికొన్న ఊరివారికి ఈ ఆలోచన క్రొత్తది కాదు. అయినను వివాదము ముగియలేదు. ఈ నిబంధనలవలన పరిశ్రమలు నగరమును విడిచి పోవుచున్నవని కొందరు, నిబంధనలను సడలించినచో బావులకు ముప్పని కొందరు తరువాతి కాలమునను వాదించుచునే వచ్చిరి. జలరక్షణము ఒకనాటి తీర్మానముతో ముగియు పని కాదనుటకు ఈ వాదములే సాక్ష్యము.

దానమును, దాని వెలయును

డేటన్ పెద్ద నగరము. నీటి పన్నుతో నిధి కూర్చుకొనగలిగినది. రెండు బావులు, కొలదివేల జనము గల చిన్న పట్టణముల గతి యేమి? అట్టి పట్టణములకే ప్రభుత్వపు గ్రాంటులు ముఖ్యముగా ఆధారము.

అమెరికాలో సురక్షిత త్రాగునీటి చట్టము 1974లో వచ్చినది. మొదట ఆ చట్టపు చూపంతయు కొళాయినుండి వచ్చు నీటిమీదనే యుండెను. 1986లో చేసిన సవరణ ఆ చూపును బావి చుట్టునున్న నేలవైపు త్రిప్పినది. ప్రతి రాష్ట్రమును బావుల రక్షణకు పథకము రచింపవలెనని చెప్పినది. 1996 సవరణ వలన త్రాగునీటికై రాష్ట్రములకు వచ్చు కేంద్రనిధిలో కొంతభాగమును నీటిమూలముల రక్షణకు వినియోగించు వీలు కలిగినది. 2018లో వచ్చిన వ్యవసాయచట్టము భూసంరక్షణకై కేటాయించు ద్రవ్యములో కనీసము పదవవంతు త్రాగునీటి మూలములను కాపాడుటకు వెచ్చింపవలెనని నిర్దేశించినది. 2021 నవంబరులో వచ్చిన మౌలిక నిర్మాణముల చట్టము, క్రొత్తగా బయటపడుచున్న మాలిన్యములతో బాధపడు చిన్న ఊళ్లకును పేద ఊళ్లకును ఐదేండ్లలో పంచుటకు ఐదువందల కోట్ల డాలర్లను గ్రాంటుగా ప్రత్యేకించినది.

ఇట్టి గ్రాంటుతో ఒక పట్టణము చేయగల పనులు కలవు. బావి చుట్టు పటము గీయించవచ్చును. నీటి నడకను కనిపెట్టుటకు చిన్న పరీక్షాబావులు త్రవ్వించవచ్చును. వాడుక మాని నోరు తెరచుకొనియున్న పాత బావులను పూడ్పించవచ్చును. పాడుపడిన బావి మాలిన్యము పాతాళమునకు దిగుటకు నిచ్చెనవంటిది. బావి చెంతనున్న భూమిని కొని పచ్చిక పెంచవచ్చును. ఇవన్నియు మంచిపనులే.

అయితే గ్రాంటు స్వీకరించుట అనగా ఏమియో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. పాఠశాలకు గ్రాంటు వచ్చినచో భవనము లేచును, బల్లలు వచ్చును, పటములు గోడ కెక్కును. పాఠము మాత్రము ప్రతి దినమును ఉపాధ్యాయుడే చెప్పవలెను. దానికి ఏ గ్రాంటును బదులు రాదు. బావికి వచ్చిన గ్రాంటును అట్టిదే. పటము గీయించుట ఒక యేటి పని. పటములోని గీత లోపల ఎవడేమి నిలువచేయుచున్నాడో చూచుట ఎడతెగని పని. గ్రాంటు ధనము ఎప్పుడో ఒకనాడు వ్యయమై పోవును, బావి ఉండును, దానిచుట్టు జనులుందురు. ఆ జనులలో కాపుదలబుద్ధి నాటుకొననిచో గ్రాంటు వచ్చిన గుర్తుగా ఒక ఫలకము మాత్రము నిలుచును.

కాపాడుకొనని ఊరు చెల్లించు వెల ఎట్టిదో తెలియుటకు మసాచుసెట్స్ రాష్ట్రమునందలి వోబర్న్ పట్టణమును తలంచుకొనవలెను. అచ్చట 1964లో ఒకటి, 1967లో ఒకటిగా రెండు బావులు త్రవ్వించిరి. చుట్టును కర్మాగారములు. 1979లో ఆ నీటిని పరీక్షింపగా లోహములపై జిడ్డు వదలించు విషద్రావకములు బయటపడినవి. వెంటనే రెండు బావులను మూసివేసిరి. తమ పిల్లలకు వచ్చిన రక్తపు క్యాన్సరుకు ఆ నీరే కారణమని తల్లిదండ్రులు 1982లో న్యాయస్థానమున కెక్కిరి. ఆ నేలను, నీటిని శుద్ధిచేయుటకు 1991లో సంస్థలు సుమారు ఏడు కోట్ల డాలర్ల పనులకు అంగీకరించిరి. ఇంత జరిగినను ఆ బావులు మరల ఊరికి నీరిచ్చుట లేదు. నీటిని చెడగొట్టుట కొలదియేండ్ల పని. బాగుచేయుట తరముల పని.

నురుగు చెప్పిన పాఠము

డేటన్ కథ 1988 శాసనముతో సుఖాంతమైనదని వ్రాసినచో వినుటకు బాగుండును. కాని సత్యము అట్లు లేదు.

పెట్రోలు మంటలను నీటితో ఆర్పుట కష్టము. అందుచే వానిపై ఒకవిధమగు నురుగును చల్లుదురు. ఆ నురుగులో పి.ఎఫ్.ఏ.ఎస్. అను రసాయనములుండెను. మాడని పెనములలోను, తడియని వస్త్రములలోను వాడబడునవి ఈ జాతివే. వానియందు కర్బనమునకును ఫ్లోరిన్‌కును గల బంధము మిక్కిలి గట్టిది. ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు లొంగదు. అందుచే వానికి శాశ్వత రసాయనములని పేరు వచ్చినది. డేటన్ సమీపమున రైట్ సోదరుల పేరు గల పెద్ద వైమానికస్థావరము కలదు. నగరమునకు తనదే యగు అగ్నిమాపక శిక్షణాలయమును కలదు. రెండుచోట్లను ఎన్నో యేండ్లు ఆ నురుగును వాడిరి. ఆ రెండును నగరపు బావులకు దగ్గరలోనివే. ఆ రసాయనము భూగర్భజలములో కనబడుటచే 2016లో నగరము కొన్ని బావులను వాడుట ఆపివేసినది. 2018లో నురుగును తయారుచేసిన సంస్థలమీదను, 2021లో దేశరక్షణశాఖమీదను వ్యాజ్యములు వేసినది.

ఇందులోని వైచిత్ర్యము గమనింపదగినది. 1987లో బావులను కాపాడుటకై అగ్నిమాపకులు మంటపై నీరు చల్లకుండ చేతులు బిగబట్టుకొనిరి. ఆ యేండ్లలోనే మరియొక చోట, మంటల నార్పుట నేర్చుకొనుచు, తెలియక, అదే నీటిలోనికి విషమును వదలుచుండిరి. ఎవరును దురుద్దేశముతో చేసినది కాదు. శాసనపు పట్టికలో ఉన్నవానినే శాసనము కాచును. పట్టికలోనికి ఇంకను ఎక్కనిదానిని ఎవరు కాతురు?

2024 ఏప్రిలులో అమెరికా పర్యావరణరక్షణసంస్థ ఈ జాతిలోని రెండు ముఖ్యమగు రసాయనములకు త్రాగునీటిలో గరిష్ఠపరిమితిని విధించినది. ఆ పరిమితి లక్షకోట్ల పాళ్ల నీటిలో నాలుగు పాళ్లు. 2025 మే నెలలో ఆ సంస్థ ఈ రెండు పరిమితులను నిలుపుదుమనియు, పాటించుటకు గడువును 2031 వరకు పొడిగింపదలచితిమనియు ప్రకటించినది. నురుగును తయారుచేసిన సంస్థలలో పెద్దదగు త్రీఎం 2023లో దేశమందలి మంచినీటి సంస్థలకు వేయికోట్ల డాలర్లకు పైగా చెల్లించుటకు ఒప్పుకొన్నది. ఇప్పుడు నగరములకు బావులకై ధనము మూడు ద్వారములనుండి వచ్చుచున్నది: త్రాగువారు చెల్లించు పన్ను, ప్రభుత్వమిచ్చు గ్రాంటు, చెడగొట్టినవారు చెల్లించు పరిహారము. మొదటిది తక్కినవానికంటె చిన్నది కావచ్చును. కాని నమ్మదగినది అదియే. గ్రాంటు పెద్దల దయ. పరిహారము న్యాయస్థానముల దయ. పన్ను ఊరివారి సంకల్పము. మరియు మొదటిది చెడకముందు వచ్చు ధనము. పరిహారము చెడిన పిమ్మట వచ్చునది.

మన నేలమీద

మన యిసుక, మన రాయి వేరు. న్యాయము వేరు కాదు. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో పరిశ్రమలు వెలసిన పిమ్మట వానినుండి వెలువడిన మురుగు నక్కవాగులోనికి దిగినది. వాగు చెంతనున్న పల్లెలలో పొలములును బావులును చెడినవి. ఎదుట నుయ్యి ఉండియు, అందులో నీరు ఉండియు, బయటినుండి వచ్చు నీటికై బిందెలు వరుసలో పెట్టవలసిన దుఃస్థితి అచ్చటి యిల్లాండ్రకు కలిగినది. ఆ మొర సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయినది. 1996లో రాజస్థాన్ రాష్ట్రమునందలి బిఛ్ఛరీ గ్రామపు బావుల వ్యాజ్యములో ఆ న్యాయస్థానమే, నేలను నీటిని చెడగొట్టినవాడే వానిని బాగుచేయు వ్యయము భరింపవలెనని తీర్పు చెప్పినది.

2002లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము బహిరంగ మంచినీటి వనరునకు 250 మీటర్లలోపల క్రొత్త బావి త్రవ్వుటను అడ్డగించినది. మన చట్టము గీచిన నూతి పళ్లెము అది. ఆ 250 మీటర్లు ఊరి నీటిని ఒకరు తోడివేయకుండ కాచుటకు ముఖ్యముగా ఏర్పడినవి; ఊరి నీటిలో ఒకరు విషము కలుపకుండ కాచుటకు ఆ గీత ఒక్కటియే చాలదు. నీరు తగ్గినచో చేద తేలిపోయి అందరికిని తెలియును. నీరు చెడినచో చేదకు తెలియదు, కంటికి తెలియదు, తరచుగా నాలుకకును తెలియదు. అందుచే ఎక్కువ మెలకువ కావలసినది దాని విషయముననే.

ఈ మెలకువకు గ్రాంటు అవసరము లేని భాగము ఒకటి కలదు. ఏ యూరి పాఠశాలయైనను తన యూరి మంచినీటి బావినో బోరునో నడుమ నుంచి ఒక పటము గీయించవచ్చును. నేల వాలు ఎటు, మురుగుకాలువ ఎచ్చట, పెంటకుప్ప ఎంతదూరమున, ఎరువుల కొట్టు ఏ దిక్కున, పాడుబావి ఎవరి దొడ్డిలో—ఇవి పిల్లలు ఒక ఆదివారమున తిరిగి గుర్తింపగల సంగతులు. డేటన్ నగరము 1988 శాసనమువలన మొదట చేయించిన పనియు ఇదియే: పళ్లెమెంతయో తేల్చుట, దానిమీద ఏమున్నదో వ్రాయుట. ఆ జాబితా లేనిచో ఎన్ని కోట్ల గ్రాంటు వచ్చినను ఎచ్చట వెచ్చింపవలెనో తెలియదు. అది యున్నచో పంచాయతీకి వచ్చిన కొలది సొమ్మును సరియైన చోట చేరును.

గ్రాంటు వచ్చినప్పుడు పుచ్చుకొనుట తప్పు కాదు, పుచ్చుకొనవలసినదే. కాని తీర్మానముమీద చేవ్రాలు చేయు పాలకులు ఆ చేవ్రాలుతో ధనమునొక్కటియే కాదు, కావలిని కూడ స్వీకరించుచున్నారు. ధనమునకు లెక్క ఏడాది చివర అప్పగింపవచ్చును. కావలికి లెక్క అప్పగింపవలసినది ఇంకను పుట్టని పిల్లలకు. వారు ఆ బావినీరు త్రాగుదురు. అందులో ఏ రుచియు, ఏ వాసనయు లేకపోవుటచే దానినెవరు కాచిరో ఎన్నడును అడుగరు. నూతిని కాచినవారికి దక్కు శాసనము అంతమాత్రమే, అది చాలును.